రోజుల లెక్క

తెలుగింట్లో పురుడొచ్చిందంటే లెక్కలు మొదలవుతాయి. బిడ్డ పుట్టిన ఘడియ, నక్షత్రం, పాదం. 11వ రోజు పురిటి స్నానం, 21వ రోజు ఉయ్యాల, మూడో నెలలోనో అయిదో నెలలోనో మంచిరోజు చూసుకుని చంటిబిడ్డతో అత్తగారింటికి ప్రయాణం. నెలసరికీ అంతే. పాత పద్ధతి వదలని ఇళ్లలో మూడు రోజులు దూరం, నాలుగో రోజు తలస్నానం, అయిదో రోజు దేవుడి గది. గోడమీద క్యాలెండరు పెట్టుకుని ఇన్ని లెక్కలు కట్టే ఇంట్లో ఎవరూ కట్టని లెక్క ఒకటుంది. ఆమె ఏడుపు ఏ రోజున మొదలైంది? ఎన్నాళ్లు సాగింది? ఏ రోజుతో ఆగింది?

ఈ అధ్యాయం ఆ లెక్క గురించే. గర్భం, కాన్పు, నెలసరి చుట్టూ వచ్చే మనసు జబ్బులను పట్టుకోవడానికి ఇప్పటివరకూ రక్తపరీక్ష లేదు, స్కానింగూ లేదు. రక్తహీనతా, థైరాయిడ్ జబ్బూ ఇలాగే కనబడగలవు కాబట్టి వాటికి పరీక్షలు చేస్తారు. ఆ తర్వాత వైద్యుడి చేతిలో మిగిలే పనిముట్లు రెండే: తీరిగ్గా అడగడం, తేదీలు రాసుకోవడం.

మూడో రోజు

కాన్పయిన మూడో రోజున తల్లి పక్కన కూర్చుని వెల్లుల్లి కారం కలిపిన అన్నం ముద్ద పెడుతుంటే, కూతురి కళ్లలోంచి నీళ్లు జలజలా రాలుతాయి. ‘ఏమైందే?’ అంటే ‘ఏమో అమ్మా’ అంటుంది. ఆ జవాబులో దాపరికం లేదు, నిజంగానే ఆమెకు తెలియదు. అయిదు నిమిషాల తర్వాత బిడ్డ ఆవలించిందని అదే ముఖం నవ్వుతుంది. ‘పచ్చి బాలింతరాలివి, ఏడిస్తే కళ్లు పోతాయి’ అని అమ్మమ్మ కేకలేస్తుంది.

కళ్లేమీ పోవు. కాన్పయిన ఆడవాళ్లలో సగం నుంచి నూటికి 80 మంది దాకా ఈ దశ గుండా వెళ్తారు. మూడో రోజుకూ అయిదో రోజుకూ మధ్య ఉధృతంగా ఉంటుంది, రెండు వారాల్లోపు దానంతటదే పోతుంది. మందు అక్కర్లేదు. నిద్రపోనివ్వడం, వేళకు అన్నం పెట్టడం, రాత్రి బిడ్డను కాసేపు ఎవరైనా ఎత్తుకోవడం చాలు. దీన్ని జబ్బు అనడం కూడా తప్పే. అయినా ఇక్కణ్నుంచే మొదలుపెట్టడానికి కారణముంది. మనసు జబ్బుల మాటెత్తగానే ‘బాలింతలంతా ఏడుస్తారమ్మా, అదే పోతుంది’ అని కొట్టిపారేసేవాళ్లు ఈ మూడో రోజు ఏడుపునే చూసి ఉంటారు. రెండు వారాల వరకూ వాళ్ల మాట అక్షరాలా నిజం. పదిహేనో రోజు నుంచి అది నిజం కాదు.

పాలు పడేదీ దాదాపు ఆ రోజుల్లోనే. ఈ రెండూ ఒకేసారి రావడం చూసి ప్రాచీన గ్రీకు వైద్యులు పాలు దారితప్పి తలకెక్కడం వల్ల బాలింతకు మతి చలిస్తుందనుకున్నారు. ఐరోపాలో ఆ నమ్మకం రెండువేల ఏళ్లకు పైగా బతికింది. మనవాళ్లు వాతం అన్నారు, గాలి సోకిందన్నారు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, గదిలో సాంబ్రాణి పొగ. వివరణలు ఏవైనా, కాన్పుకీ మతికీ ఏదో లంకె ఉందని అందరూ గమనించారు. ఆ గమనింపు మాత్రం తప్పు కాదు.

1858లో పారిస్‌లో లూయీ విక్టర్ మార్సే అనే 30 ఏళ్ల వైద్యుడు గర్భిణులకూ బాలింతలకూ పాలిచ్చే తల్లులకూ వచ్చే పిచ్చి గురించి ఒక పెద్ద పుస్తకం రాశాడు. మూడు వందల పైచిలుకు స్త్రీల కథలు అందులో ఉన్నాయి. ఏది గర్భంలో మొదలైందో, ఏది కాన్పయిన తొలి వారాల్లో వచ్చిందో, ఏది పాలిచ్చే నెలల్లో వచ్చిందో వేరువేరుగా పేర్చాడు. అంటే అతను చేసిన పని కూడా రోజుల లెక్కే. గర్భాశయానికీ మెదడుకీ మధ్య కంటికి కనబడని సంబంధం ఏదో ఉందని ఊహించాడు. హార్మోన్ అనే మాట పుట్టడానికి ఇంకా 47 ఏళ్లుంది. లండన్‌లో స్టార్లింగ్ ఆ మాటను వాడింది 1905లో. మార్సే అప్పటికే లేడు, 36 ఏళ్లకే పోయాడు. 1980లో ఈ రంగంలోని వైద్యులు అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నప్పుడు దానికి అతని పేరే పెట్టారు.

మాయ పడ్డాక

గర్భిణి ఒంట్లో తొమ్మిది నెలలూ హార్మోన్లు తయారుచేసే పెద్ద కార్ఖానా మాయ. బొడ్డుతాడుతో బిడ్డను తల్లికి అంటగట్టి ఉంచే ఆ మాంసపు ముద్దకు మన భాష పెట్టిన పేరు ఎంత బాగా కుదిరిందో! నెలలు నిండేసరికి తల్లి రక్తంలో ప్రొజెస్టిరాన్, ఈస్ట్రోజెన్ మామూలు కంటే ఎన్నో రెట్లు పెరిగి ఉంటాయి. బిడ్డ పుట్టాక అరగంటలోపు మాయ పడిపోతుంది. కార్ఖానా మూతపడినట్టే. తొమ్మిది నెలలపాటు మెట్టుమెట్టుగా ఎక్కినదంతా రెండు మూడు రోజుల్లో నేలకు దిగుతుంది. ఒక మనిషి శరీరంలో ఇంత తక్కువ కాలంలో ఇంత పెద్ద హార్మోన్ల పతనం మామూలు జీవితంలో మరెప్పుడూ జరగదు.

ప్రొజెస్టిరాన్ ఒంట్లో కొంత మారి అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థమవుతుంది. మెదడులో గాబా అనే రసాయనం ఉంది. నరకణాల హడావిడికి కళ్లెం వేయడం దాని పని. అల్లోప్రెగ్ననలోన్ వెళ్లి గాబా పట్టుకునే గ్రాహకం మీదే మరోచోట చేరి ఆ కళ్లేన్ని మరికాస్త బిగిస్తుంది. నిద్రమాత్రలు, సారా పనిచేసేది కూడా ఈ గాబా దగ్గరే. నెలల తరబడి కళ్లెం బిగువుకు అలవాటుపడ్డ మెదడు తనను తాను అందుకు తగ్గట్టు సర్దుకుంటుంది. ఏళ్లుగా నిద్రమాత్ర వేసుకునే మనిషి ఒక్క రాత్రిలో మానేస్తే ఏమవుతుందో చూసినవాళ్లకు, మాయ పడ్డ మూడో రోజు ఎలా ఉంటుందో కొంత ఊహకందుతుంది.

బాగానే ఉంది. అయితే ఈ పతనం ప్రతి బాలింతకూ జరుగుతుంది కదా? కొందరే ఎందుకు కుంగిపోతారు?

ఈ ప్రశ్నకు అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో మికీ బ్లోక్, పీటర్ ష్మిట్, డేవిడ్ రూబినో బృందం 2000లో ఒక జవాబు చూపింది. నాకు తెలిసి ఈ రంగమంతటిలో ఇంత తెలివైన ప్రయోగం మరొకటి లేదు. గర్భం లేని 16 మంది స్త్రీలను తీసుకున్నారు. వాళ్లలో ఎనిమిది మందికి గతంలో కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చి తగ్గింది. మిగతా ఎనిమిది మందికి ఎన్నడూ రాలేదు. ముందు ఒక మందుతో అండాశయాలను నిద్రపుచ్చారు. తర్వాత ఎనిమిది వారాలపాటు బయటినుంచి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ పెద్ద మోతాదులో ఇచ్చారు. అంటే బిడ్డ లేని గర్భం. ఆపైన ఒక్కసారిగా ఆపేశారు. అది కాన్పు. ఎప్పుడు అసలు మందో, ఎప్పుడు ఉత్తుత్తి మాత్రో ఆ స్త్రీలకు తెలియదు.

పాత చరిత్ర ఉన్న ఎనిమిది మందిలో అయిదుగురికి మనసు మళ్లీ కుంగింది. లేని ఎనిమిది మందిలో ఒక్కరికీ ఏమీ కాలేదు.

హార్మోన్ల అంకెలు రెండు గుంపుల్లోనూ ఒకటే. తేడా అంతా ఆ ఎత్తుపల్లాలను మోసే మెదడులో ఉంది. ఒకే కుదుపుకు బండిలో ఒకరికి వాంతవుతుంది, పక్కవాడు హాయిగా నిద్రపోతాడు. వాంతయినవాణ్ని గుండెధైర్యం లేదని తిట్టం కదా. చిన్న ప్రయోగమే, 16 మందే, అందుకని దీన్ని తుదితీర్పు అనలేం. కానీ ‘ఫలానా వాళ్లమ్మాయి ముగ్గుర్ని కని లక్షణంగా ఉంది, నీకేమొచ్చింది’ అనే పోలికకు పునాది లేదని చూపడానికి ఆ 16 మంది చాలు.

ముట్టుకు ముందరి వారం

ఇదే తర్కం నెలనెలా వచ్చే బాధకీ వర్తిస్తుంది. ఇక్కడ మన ఇళ్ల లెక్క పూర్తిగా తప్పిన సంగతి చూడండి. ‘ఆ మూడు రోజులూ చిరాగ్గా ఉంటుంది’ అంటాం. ఇల్లు కాపలా కాసేది కూడా ఆ మూడు రోజులనే. నెలసరితో ముడిపడ్డ తీవ్రమైన మనోవ్యాధి అయితే ముట్టుకు ముందరి వారంలో, కొందరికి రెండు వారాల ముందే మొదలవుతుంది. రక్తస్రావం కనబడ్డ రెండు మూడు రోజుల్లో, ఎవరో స్విచ్ కట్టేసినట్టు పోతుంది. అంటే, బయట కూర్చోబెట్టే వేళకు ఆమె మనసు తేటపడుతూ ఉంటుంది. తుఫాను అంతా ఆమె వంటింట్లో తిరుగుతున్నప్పుడే గడిచిపోయింది.

1931లో న్యూయార్క్ వైద్యుడు రాబర్ట్ ఫ్రాంక్ దీనికి ‘బహిష్టుకు ముందరి ఉద్రిక్తత’ అని పేరు పెట్టాడు. 1953లో లండన్‌లో కాథరినా డాల్టన్, రేమండ్ గ్రీన్ దాన్ని ‘సిండ్రోమ్’ అన్నారు. (ఈ రేమండ్, నవలాకారుడు గ్రాహం గ్రీన్‌కు అన్న.) ప్రొజెస్టిరాన్ తక్కువైనందువల్లే ఇది వస్తుందని డాల్టన్ జీవితాంతం నమ్మి, వేలమందికి అదే ఇచ్చింది. తర్వాత జరిగిన పరీక్షల్లో ఆ వైద్యం నిలబడలేదు. మందు పనిచేయకపోయినా, ఈ బాధ ఉందనీ ఇది నాటకం కాదనీ వాదించి నిలబెట్టిన గౌరవం మాత్రం ఆమెదే.

హార్మోన్ తక్కువైందా, ఎక్కువైందా అన్న పాత చిక్కుముడిని 1998లోనే ఇదే ష్మిట్ బృందం విప్పింది. నెలసరి ముందరి బాధ తీవ్రంగా ఉండి, అండాశయాలను నిద్రపుచ్చే మందుతో తేరుకున్న పది మంది స్త్రీలకు ఈస్ట్రోజెన్‌గానీ ప్రొజెస్టిరాన్‌గానీ మామూలు మోతాదులో తిరిగి ఇస్తే బాధ మళ్లీ వచ్చింది. ఎలాంటి బాధా లేని పదిహేను మందికి అదే మందు, అదే వరుసలో ఇస్తే ఏమీ కాలేదు. తక్కువా లేదు, ఎక్కువా లేదు. మామూలు మోతాదే ఒకరికి అన్నం, మరొకరికి విషం. 2017లో అదే సంస్థ పరిశోధకులు ఇలాంటి స్త్రీల రక్తకణాలను ప్రయోగశాలలో పెంచి చూశారు. ఈ హార్మోన్లకు స్పందించే జన్యువుల జట్టు ఒకటి వాళ్లలో వేరుగా పనిచేస్తున్నట్టు కనబడింది.

చిరాకు, రొమ్ముల సలుపు, కడుపుబ్బరం చాలామందికి ఉండేవే. వైద్యులు పీఎండీడీ అని పిలిచే జబ్బు అది కాదు. ఆ వారంలో భర్తమీద గిన్నె విసిరి, వారం తర్వాత అదే గిన్నె తోముతూ ‘నేనేనా ఆ పని చేసింది’ అనుకునే స్థాయి. ఉద్యోగం మానేద్దామనీ, కాపురం వద్దనీ, ఒక్కోసారి ప్రాణమే వద్దనీ అనిపించి, ముట్టు కనబడగానే ఆ ఆలోచన పొగలా విడిపోయే స్థితి. సంతానవయసు స్త్రీలలో నూటికి 3 నుంచి 8 మందికి ఉంటుందని అంచనా. అమెరికా మనోవైద్యుల గ్రంథంలో 2013లో దీనికి సొంత స్థానం దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జాబితా దీన్ని స్త్రీల జబ్బుల అధ్యాయంలో చేర్చి, డిప్రెషన్ల వరుసలోనూ చూపింది. ఒంటిదా, మనసుదా అన్న తగువును అలా ఇద్దరికీ చెరిసగం పంచేశారు. నాకది మంచి తీర్పే అనిపించింది.

నిర్ధారణకు కావలసింది రూపాయి ఖర్చు లేనిది. రెండు నెలలపాటు రోజూ రాత్రి ఒక్క నిమిషం: ఈ రోజు కోపమెంత, దిగులెంత, నిద్రెలా ఉంది, ముట్టు ఉందా లేదా. పాలవాడి లెక్క రాసే క్యాలెండరు మీద అంకె వేసినా చాలు. జ్ఞాపకాన్ని నమ్మకూడదు. చాలామంది ‘నాకు ముట్టుకు ముందే వస్తుంది’ అని చెప్పి, రాసి చూసుకుంటే నెలంతా కుంగి ఉన్నట్టు తేలుతుంది. అది మామూలు డిప్రెషన్, దాని వైద్యం వేరు. తారీఖులు కుదిరితే మాత్రం విచిత్రం ఒకటుంది. డిప్రెషన్‌కు ఇచ్చే సెర్ట్రలీన్, ఫ్లూఓక్సెటిన్ లాంటి మందులు డిప్రెషన్‌లో పనిచేయడానికి వారాలు పడతాయి. ఈ జబ్బులో రోజుల్లోనే గుణం కనిపిస్తుంది. అందుకని నెలలో ఆ రెండు వారాలు మాత్రమే మాత్ర ఇచ్చే పద్ధతి కూడా ఉంది. కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలూ పనికొస్తాయి. ఏది ఎవరికన్నది డాక్టరు తేల్చాలి. పక్కింటామె చీటీ చూసి కొనుక్కునే మందులు కావివి.

ఆగడానికి వీల్లేనిది

మళ్లీ పురిటి గదికి వెళ్దాం. మొదటి రెండు వారాల్లోనే రాగల మరొకటి ఉంది. అది వెయ్యి కాన్పుల్లో ఒకటీ రెండిటికే వస్తుంది. వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

తొలి సూచన తరచు నిద్ర. బిడ్డ నిద్రపోతున్నా తల్లి పడుకోదు, అలసట కూడా ఉండదు. అర్ధరాత్రి బీరువా సర్దుతుంది, ఆగకుండా మాట్లాడుతుంది, ఉన్నట్టుండి బెదురుతుంది. ఉదయం బాగుందనుకుంటే సాయంత్రానికి మనుషుల్ని పోల్చుకోలేదు. ఈ బిడ్డ నాది కాదు మార్చేశారనో, వీడు దేవుడి అంశనో, వీణ్ని ఎవరో చంపబోతున్నారనో అంటుంది. ఇది ప్రసవానంతర సైకోసిస్. ఎడిన్‌బరోలో రాబర్ట్ కెండెల్ బృందం 12 ఏళ్లలో జరిగిన 54,087 కాన్పులను ఆస్పత్రి లెక్కలతో సరిచూసి 1987లో ప్రచురించింది. కాన్పయిన మొదటి 30 రోజుల్లో సైకోసిస్‌తో ఆస్పత్రిలో చేరే ప్రమాదం మామూలు రోజుల కంటే సుమారు 22 రెట్లని తేలింది. స్త్రీ జీవితంలో మతికి ఇంత ప్రమాదకరమైన నెల మరొకటి లేదు.

మన దగ్గర ఇలాంటప్పుడు మొదట పిలిచేది ఎవర్నో వేరే చెప్పక్కర్లేదు. తాయెత్తు కట్టుకోండి, వద్దనను. కానీ దాన్ని ఆస్పత్రికి వెళ్లే దారిలో కట్టండి. ఎందుకంటే ఇలా మాట్లాడే బాలింతకు మనసు జబ్బే కాక ఇన్‌ఫెక్షన్‌గానీ, గుర్రపువాతం లాంటి బీపీ జబ్బుగానీ, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడంగానీ ఉండొచ్చు. ఈ చివరిది మన దేశపు బాలింతల్లో అరుదేమీ కాదు. ఒంట్లో నీళ్లు తగ్గడం దానికి ఒక కారణమని వైద్యులు చెబుతారు. బాలింతకు దాహమేసినా నీళ్లివ్వకుండా గొంతు తడిపి వదిలే పథ్యం మనకుంది. నా మాట విని దాన్ని మాత్రం మానేయండి.

బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకూ, గత కాన్పులో ఇలా అయినవాళ్లకూ, తల్లికో అక్కచెల్లెళ్లకో ఇలా అయినవాళ్లకూ ముప్పు ఎక్కువ. వీళ్లు గర్భం రాకముందే మనోవైద్యుణ్ని కలవాలి. మందులు తమంత తాము మానేయకూడదు. అలాగని పాత చీటీనే కొనసాగించకూడదు. బైపోలార్‌కూ మూర్ఛకూ ఇచ్చే వాల్‌ప్రోయేట్ గర్భస్థ శిశువుకు బాగా హాని చేసే మందు. మందులూ, కొందరికి ఈసీటీ, అంటే జనం షాక్ అనే వైద్యమూ ఇస్తే, అంత భయంకరంగా కనబడ్డ ఈ జబ్బు చాలామందికి వారాల్లో, నెలల్లో పూర్తిగా నయమవుతుంది. మనసు జబ్బుల్లో ఇంత బాగా లొంగేవి తక్కువ.

ఇక్కడే ఒక తేడా చెప్పాలి. కొందరు తల్లులకు కత్తిపీట చూడగానే ‘బిడ్డకేమైనా చేస్తానేమో’ అన్న ఊహ మెరుస్తుంది. మేడమీద నిలబడితే బిడ్డ జారిపోయినట్టు కనబడుతుంది. ఆ ఊహకు తల్లే వణికిపోతుంది, కత్తిపీట దాచేస్తుంది, బిడ్డకు స్నానం చేయించడానికే జంకుతుంది. ఇది సైకోసిస్ కాదు, వద్దన్నా వచ్చే ఊహలు వేధించే ఓసీడీ అనే జబ్బు. అలా వణికే తల్లి ఆ పని చేసే అవకాశం దాదాపు లేదు. కానీ ఎవరితోనైనా చెబితే బిడ్డను లాక్కుంటారని నోరు మూసుకుంటుంది. ఇది చదువుతున్నవాళ్లలో అలాంటి తల్లి ఉంటే: అమ్మా, ఈ ఊహలు చాలామందికి వస్తాయి, వైద్యం ఉంది, చెప్పొచ్చు.

పదిహేనో రోజు తర్వాత

ఇక మిగిలింది డిప్రెషన్. మూడో రోజు ఏడుపు, సైకోసిస్, డిప్రెషన్ మూడింటిలో చడీచప్పుడు లేనిది ఇదే. అందుకే ఎక్కువమందిని ఇదే మింగుతుంది. ఏడుపు రెండు వారాలు దాటినా తగ్గదు, లేదా ఏడుపు కూడా రాదు. బిడ్డను చూస్తే ఏమీ అనిపించదు, అనిపించనందుకు పాపభీతి. ‘వీడికి నాకంటే మంచి తల్లి దొరికుండాల్సింది.’ చాలామందిలో ఇది కాన్పుతో మొదలవదు, గర్భంలోనే మొదలై ఉంటుంది. కొందరిలో మూడు నాలుగు నెలలకు పైకి తేలుతుంది. పుట్టింటినుంచి అత్తింటికి మారే సమయం అదే కావడం గమనించదగ్గది.

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో భారతదేశపు 38 అధ్యయనాలను, 20,043 మంది తల్లులను కలిపి లెక్కించారు. నూటికి 22 మందికి డిప్రెషన్ లక్షణాలున్నాయి. ప్రాంతాలవారీగా చూస్తే దక్షిణాదిది పైచేయి, 26 శాతం. అడిగేవాళ్లు ఎక్కువైనందువల్ల అంకె పెరిగిందో, బాధే ఎక్కువో ఆ అంకె ఒక్కటే చెప్పదు.

హార్మోన్ల కథ చెప్పి చెప్పి ఇక్కడ నేనే దాన్ని కాస్త పక్కన పెట్టాలి. సైకోసిస్‌లో ఒంటి వంతు ఎక్కువ. డిప్రెషన్‌లో ఇంటి వంతు ఎక్కువ. దీనికి సాక్ష్యం గోవా. విక్రమ్ పటేల్, మెర్లిన్ రోడ్రిగ్స్, నందితా డిసూజా అక్కడి ఆస్పత్రిలో 252 మంది గర్భిణులను కాన్పు తర్వాత కూడా వెంబడించి 2002లో ఫలితాలు రాశారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు 59 మంది డిప్రెషన్‌లో ఉన్నారు. వాళ్లలో నాలుగింట మూడొంతుల పైచిలుకు మందికి గర్భంలోనే మనసు బాగాలేదు. సగానికి పైగా ఆరో నెలకూ తేరుకోలేదు. ముప్పు పెంచినవి పేదరికం, భర్తతో సఖ్యత లేకపోవడం, పుట్టింది ఆడపిల్ల కావడం. కొడుకు కావాలని ఎదురుచూసిన ఇంట్లో రెండోసారీ ఆడపిల్ల పుడితే పురిటి గది ముందు ముఖాలు ఎలా ఉంటాయో తెలుగువాళ్లకు గోవా వెళ్లి తెలుసుకోవాల్సిన పనిలేదు. ఏ హార్మోనూ బిడ్డ ఆడో మగో చూసి తల్లిని కుంగదీయదు.

ఇంటివల్ల పెరిగేది ఇంటి దగ్గరే తగ్గించొచ్చని రావల్పిండి పల్లెలు చూపాయి. అతిఫ్ రెహ్మాన్ బృందం అక్కడి గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలకు, మన ఆశా కార్యకర్తల్లాంటి వాళ్లకు, తర్ఫీదునిచ్చింది. వాళ్లు డిప్రెషన్‌లో ఉన్న గర్భిణుల ఇళ్లకు వెళ్లి మాట్లాడారు. తనను తాను నిందించుకునే ఆలోచనను పట్టుకోవడం, దాని స్థానంలో మరొకటి పెట్టడం, చిన్న పని చేసి చూడటం. పేరు కూడా రోగం ఊసెత్తకుండా, ఆరోగ్యంగా ఆలోచిద్దామన్నట్టే పెట్టారు. 903 మంది తల్లుల మీద జరిగిన ఆ పరీక్ష 2008లో అచ్చయింది. బిడ్డకు ఆరు నెలలొచ్చేసరికి మామూలు సందర్శనలే అందినవారిలో 53 శాతం డిప్రెషన్‌లో ఉంటే, ఈ మాటల వైద్యం అందినవారిలో 23 శాతమే మిగిలారు. సెలైన్ సీసా లేదు, మనోవైద్యుడు లేడు. అమెరికాలో 2019లో అల్లోప్రెగ్ననలోన్‌నే 60 గంటలు నరానికెక్కించే మందుకు అనుమతి వచ్చింది, అప్పట్లో దాని ధర దాదాపు 34,000 డాలర్లు. 2023లో 14 రోజుల మాత్ర వచ్చింది. శాస్త్రంగా ముచ్చటైనవే. మన పల్లెకు రావల్పిండి దగ్గర.

తీవ్రంగా ఉంటే మాటలు చాలవు, మందు కావాలి. ‘పాలిచ్చే తల్లికి మందేమిటి’ అని అడ్డుపడేవాళ్లకు ఒక మాట. సెర్ట్రలీన్ పాలలోకి చాలా కొద్దిగా వెళ్తుంది, పాలిచ్చే తల్లులకు వైద్యులు ముందుగా ఎంచుకునే మందుల్లో అది ఒకటి. వైద్యం లేని డిప్రెషన్ బిడ్డ ఎదుగుదలకు చేసే చెరుపు దానికంటే ఎక్కువ.

ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే బిడ్డేం కావాలి? బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లినీ బిడ్డనూ కలిపి చేర్చుకునే వార్డు ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ఆస్పత్రిలో చికిత్స పొందే తల్లినుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరుచేయకూడదు. బిడ్డకు ప్రమాదముందని వైద్యులు నిర్ణయిస్తే తప్ప.

ఇంటికి వచ్చే ఆరు రోజులు

బ్రిటన్‌లో 1987లో జాన్ కాక్స్, జెనిఫర్ హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీ పది ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. ఎడిన్‌బరో పట్టిక అని దానికి పేరు. గడిచిన ఏడు రోజుల గురించే అడుగుతుంది. ఒళ్లునొప్పులు, నీరసం, ఆకలి ఊసు అందులో ఉండదు, అవి ప్రతి బాలింతకూ ఉంటాయి కాబట్టి. నిద్ర గురించి అడిగినా, దుఃఖంవల్ల పట్టడం లేదా అనే అడుగుతుంది. నవ్వగలుగుతున్నావా, కారణం లేకుండా నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావా, భయమేస్తోందా. పదో ప్రశ్న నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా అని. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని జడుస్తాం, పుట్టదు. చాలామందికి ఎవరో అడిగారన్నదే సగం ఊరట.

మన దేశంలో ఆస్పత్రిలో కాన్పయిన ప్రతి తల్లి ఇంటికీ ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలన్నది నవజాత శిశు సంరక్షణ నియమం. ఆ తేదీలను ఈ అధ్యాయంలోని తేదీల పక్కన పెట్టి చూడండి. మూడో రోజు ఏడుపు పొంగే రోజు. ఏడూ పద్నాలుగూ సైకోసిస్ బయటపడే రోజులు. పద్నాలుగు మామూలు ఏడుపు ఆగిపోవాల్సిన గడువు. 28, 42 డిప్రెషన్ దొరికే రోజులు. మనసు కోసం ఎవరూ అలా అమర్చలేదు, బిడ్డ బతకడం కోసం అమర్చారు. అయినా ఇంతకంటే బాగా కుదరదు.

చేయాల్సింది ఒకటే ఉంది. బిడ్డను తూచి, బొడ్డు చూశాక, ఆశా కార్యకర్త తల్లివైపు తిరిగి ‘నీకెలా ఉందమ్మా’ అని అడిగినప్పుడు, అమ్మగారైనా అత్తగారైనా ఆ అయిదు నిమిషాలు గదిలోంచి బయటికి రండి. రాత్రిపూట ఎవరూ దొరక్కపోతే 14416 టెలీ మానస్ నంబరు. డబ్బు కట్టక్కర్లేదు, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.